అరువు తెచ్చుకున్న ఉదయం

పట్టీ కట్టుకున్న మొదటి వారంలోనే సింహాచలానికి విసుగు పుడుతోందని వకుళకు తెలిసిపోయింది. అతనుండేది పలాసలో, జీడితోటల పక్కనున్న పెంకుటింట్లో. ఆమె ఉండేది కాకినాడలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. బట్టలారేసే బాల్కనీని ఆనుకుని ఉన్న ఇరుకు గదే ఆమె ఆఫీసు. అయినా ఆవేళ ముంజేతి లోపలివైపు, మణికట్టుకు కాస్త పైన, ఎవరో చల్లటి వేలు ఆనించినట్టయింది. ఆ చోటు సింహాచలానిది.

ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"సింహాచలం గారూ, ఒక్క పది నిమిషాలు లేచి అలా తిరిగి రండి. టీ తాగండి."

"మీకెలా తెలిసిపోనాది మేడమ్? ఇప్పుడే కునుకొచ్చేస్తంది నాకు."

వకుళ నవ్వింది. చాలా కాలానికి, తన ఉద్యోగం తనకు చేతనవుతోందనిపించింది.

దృష్టిపథం అనే సంస్థలో ఆమె ఒక చిన్న జట్టుకు లీడ్. ఊళ్ళలోని కంటి క్లినిక్కుల నుంచి షుగరు రోగుల కంటి లోపలి ఫోటోలు వస్తాయి. ముందు యంత్రం చూస్తుంది, ఆ తర్వాత మనిషి చూసి సంతకం పెట్టాలి. అది చట్టం. ఎర్రటి పొర మీద ఆవగింజలో సగమంత రక్తపు చుక్క కనిపిస్తే ఆ మనిషిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. కనిపించకుండా పోతే, కొన్ని నెలల్లో ఆ కన్ను పోవచ్చు. వకుళ జట్టులో ఆమె కాక ఆరుగురు రీడర్లు. అందరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఫోటోలు చూస్తారు. ఆ ఆరుగురిలో ఒక్కరిని కూడా ఆమె ఎదురుగా చూడలేదు.

పట్టీ రాకముందు వాళ్ళను నడిపించడానికి ఆమె చేయని పని లేదు. శుక్రవారం మీటింగులో పాటలు పాడించింది. పుట్టినరోజులకు వాళ్ళ ఊరి బేకరీలు వెతికి కేకులు పంపింది. వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడింది. అన్నిటికీ ఒకే జవాబు వచ్చేది, "ఆఁ మేడమ్, బాగానే ఉంది మేడమ్". తెర మీద నల్లటి గళ్ళు, వాటి కింద పేర్లు. ఆ గళ్ళ వెనక ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు మరో ఉద్యోగం వెతుక్కుంటున్నారో తెలిసేది కాదు. గోడతో మాట్లాడినట్టుండేది.

అలాంటి సమయంలో విశాఖలోని ఒక పరిశోధనశాల నుంచి ఈ పట్టీ వచ్చింది. రబ్బరు గాజులా ఉంటుంది. కట్టుకున్నవాళ్ళ నాడినీ, ఊపిరినీ, చర్మం మీది చెమటనూ చదివి, దాన్ని లీడ్ చేతికి పంపుతుంది. ఒక్కొక్కరికి ముంజేతి మీద ఒక్కో చోటు. మనిషి హుషారుగా ఉంటే వెచ్చగా, మందగిస్తే చల్లగా, కంగారు పడితే సన్నగా వణికినట్టు. కొన్నాళ్ళకు వకుళకు చేతి వంక చూసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. కర్నూలులో ఉండే రెహానా పొద్దున్నే వణుకుతుంది, పిల్లవాడిని బడికి పంపేదాకా. మహబూబాబాద్‌లో ఉండే భిక్షపతి నిలకడగా మండే పొయ్యిలా ఉంటాడు. ఎవరికి ఎప్పుడు ఒక మంచిమాట కావాలో, ఎవరిని ఎప్పుడు వదిలేయాలో ఆమెకు తెలిసింది. తప్పులు తగ్గాయి. ఉద్యోగం మానేస్తానన్న వాళ్ళు ఆగిపోయారు.

ఆమె భర్త ఫణీంద్ర జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఆమె చేతి కేసి చూసి, "ఆ ఆరుగురి సంగతి నీకు బాగా తెలుస్తోంది. అదృష్టవంతులు" అన్నాడు. అతను నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రాత్రి వంటిల్లు సర్దుతూ వకుళ ఆ మాటే తలుచుకుంది.

తర్వాత రెండో రకం పట్టీ వచ్చింది.

దాని గురించి చెప్పడానికి విహారి స్వయంగా లీడ్‌లందరినీ విశాఖకు పిలిచాడు. విహారి లీడ్‌లకు లీడ్. వయసులో వకుళ కంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడు చూసినా అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా ఉంటాడు.

"ఇప్పటిదాకా వాళ్ళ అలసట మీకు తెలిసేదండీ. ఇక మీ ఉత్సాహం వాళ్ళకు అందుతుంది. మీ నాడి ఎలా కొట్టుకుంటుందో వాళ్ళ నాడి అలా సర్దుకుంటుంది. మీరు ప్రశాంతంగా ఉంటే వాళ్ళూ ప్రశాంతంగా ఉంటారు. జట్టును నడిపించడమంటే ఇంతకంటే ఏముందండీ?"

వెనక వరసలోంచి ఎవరో అడిగారు, "మరి మాకు బాగాలేని రోజు?"

"బాగుంటారు" అన్నాడు విహారి చిరునవ్వుతో. "పట్టీ పడుకునేటప్పుడు తప్ప తీయకండి. అలవాటైతే మీకే తెలుస్తుంది."

నిజంగానే అలవాటైంది. రాత్రి పట్టీ తీసి పక్కన పెట్టగానే ఏ ఆలోచనా రాకముందే నిద్ర పట్టేసేది. పొద్దున్నే పట్టీ కట్టుకోగానే వకుళకు వానకు తడిసి ఆరుతున్న వాకిట్లో నిలబడినట్టుండేది. కళ్ళు తేటపడేవి. ఆ తేట తనదేననుకుంది. తన ఆరుగురికీ అదే పంచుతున్నాననుకుని గర్వపడింది. ముంజేతి మీద ఆరు చోట్లా ఒకే వెచ్చదనం. సింహాచలానికి కునుకు లేదు, రెహానాకు వణుకు లేదు. వాళ్ళు చూసే ఫోటోలు పెరిగాయి. పెరిగిన కొద్దీ పై నుంచి ఇంకా వచ్చాయి. మధ్యాహ్నం ముగియాల్సిన పని సాయంత్రం దాకా సాగింది. ఎవరూ కాదనలేదు. కాదనాలని ఎవరికీ అనిపించలేదు.

చలికాలంలో ఒకరోజు, పని మధ్యలో, పెద్దాపురం నుంచి ఫోన్ వచ్చింది. వకుళ పిన్ని పోయింది. తల్లి లేని వకుళను పెంచింది ఆ పిన్నే. జడ వేసి, సైకిలు నేర్పి, కాలేజీలో చేర్పించడానికి తన గాజులు అమ్మిన మనిషి. ఫోన్ పెట్టేశాక గుండెలో ఏదో బరువుగా దిగబోయింది. దిగకుండానే ఎవరో పక్కకు లాగేసినట్టు తేలిపోయింది. ఆమె మిగిలిన ఫోటోలు చూసి, జట్టుకు చెప్పవలసినవి చెప్పి, అప్పుడు లేచి ఫణీంద్రకు ఫోన్ చేసింది.

పెద్దాపురంలో శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే ఆమె ఒక్కతే మంచినీళ్ళు అందించింది, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించింది, పురోహితుడితో మాట్లాడింది. "గట్టి మనిషి" అన్నారు చుట్టాలు. తిరుగు ప్రయాణంలో, బస్సు సామర్లకోట దాటాక, ఫణీంద్ర అడిగాడు.

"వకుళా, నీకేమీ అనిపించట్లేదా?"

"బాధగానే ఉంది."

"లేదు. నువ్వు బాగానే ఉన్నావు. అదే నాకు భయంగా ఉంది."

ఆమె కిటికీలోంచి చెరుకు తోటల వైపు చూసింది. బాధ ఎక్కడ ఉండాలో ఆమెకు తెలుసు. అక్కడ చెయ్యి పెట్టి తడిమితే ఏమీ తగల్లేదు. దానికి కూడా ఆమెకు దిగులు పుట్టలేదు.

ఎండాకాలం మొదట్లో భిక్షపతి పడిపోయాడు.

ఆ రోజు అతను పని ముగించి, పట్టీ తీసి బల్ల మీద పెట్టి, మిర్చి యార్డు దగ్గర ఉన్న మామను తీసుకురావడానికి బండి మీద బయల్దేరాడు. ఊరు దాటి కొంత దూరం వెళ్ళగానే బండి నేరుగా కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెనక వస్తున్న ఆటోవాడు చూశాడట. బ్రేకు వేయలేదు, పక్కకు తిప్పలేదు. బండి నడుపుతూ నిద్రపోయాడు. తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది.

అతని భార్య స్వరూప ఆసుపత్రి వరండాలోంచి వకుళకు ఫోన్ చేసింది. ఆమె గొంతులో కోపం లేదు, ఏదో అర్థం కాని మనిషి అడుగుతున్నట్టుంది.

"మేడం, పొద్దుగాల మంచిగనే ఉండె. నవ్వుకుంట పోయిండు. అలసిపోయినోడు నవ్వుతడా మేడం?"

స్వరూపే మళ్ళీ అంది.

"మా మేడం మమ్మల్ని మంచిగ చూస్కుంటదని ఎప్పుడు చెప్తుండె. ఆయనకు నిద్ర వస్తుందని మీకు తెల్వలేదా మేడం? మీ చేతికి తెలుస్తదన్నడు గదా."

ఫోన్ పెట్టేశాక వకుళ తన ముంజేతి వైపు చూసుకుంది. భిక్షపతి చోటు ఖాళీగా ఉంది. మిగిలిన అయిదు చోట్లా ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. ఒకే రకంగా వెచ్చగా ఉంది. తను వాళ్ళకు పంపినదే తనకు తిరిగి వస్తోందని ఆమెకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళుగా ఆమె చూసుకుంటున్నది వాళ్ళను కాదు.

మర్నాడు ఆమె అందరినీ కాసేపు పట్టీలు తీసి పక్కన పెట్టమని చెప్పి, ఒక్కొక్కరికీ మామూలుగా ఫోన్ చేసింది. రెహానాతో చివర మాట్లాడింది.

"రెహానా, నిజం చెప్పు. నీకు ఎలా ఉంది?"

రెహానా చిన్నగొంతుతో అంది, "నాకు తెలీడంల్యా మేడమ్. పట్టీ తీస్తే కాళ్ళు ఇరగబడినట్ల అయితాది. కూలబడిపోతా. మళ్ళ కట్టుకుంటే బాగైపోతాది. నిన్న పిల్లోడికి అన్నం కలిపి, పెట్టినానో లేదో గుర్తు ల్యా. వాడే చెప్పినాడు, పెట్టలేదమ్మా అని. మేడమ్, నేను అలిసిపోయినానా? మీరే చెప్పల్ల."

వకుళ ఆ సాయంత్రమే విహారికి ఫోన్ చేసింది. అతను శ్రద్ధగా విన్నాడు. భిక్షపతి ఆసుపత్రి ఖర్చు సంస్థే భరిస్తుందన్నాడు. పట్టీ తీశాక ఒక గంట బండి నడపవద్దని అందరికీ సూచన పంపుతానన్నాడు.

"గంట కాదు విహారి గారూ. వాళ్ళు నెలల తరబడి అలసిపోయి ఉన్నారు. వాళ్ళకు తెలియడం లేదు."

"పట్టీ లేకపోతే సగం ఫోటోలు కూడా చూడలేమండీ. చూడని ఫోటోల్లో ఎన్ని కళ్ళు పోతాయో మీకు నేను చెప్పాలా?" అతని గొంతు ఎక్కడా పెరగలేదు. "మీకు కష్టంగా ఉంటే చెప్పండి. ఇంకో లీడ్‌ను చూస్తాను."

ఆ మాట ఆమెకు కోపం తెప్పించాలి. తెప్పించలేదు. ప్రశాంతంగా, "సరేనండీ" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేసిన తర్వాత తన ప్రశాంతతను చూసి ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది. అయిదుగురి ఉత్సాహమూ తన నుంచి వస్తోంది. మరి తనది ఎక్కడి నుంచి వస్తోంది?

రెండ్రోజుల తర్వాత రైలెక్కి విశాఖ వెళ్ళింది.

పట్టీని కనిపెట్టిన డాక్టర్ కౌముది పరిశోధనశాల ఊరి చివర కొండ వైపు, ఒక పాత రెండంతస్తుల భవనంలో ఉంది. కౌముదికి అరవై దాటాయి. తెల్లటి జుట్టు కత్తిరించుకుని, వదులు చొక్కా వేసుకుని, వైర్ల మధ్య కూర్చుని పెరుగన్నం తింటోంది. వకుళ చెప్పిందంతా తినడం ఆపి విన్నది.

"నీకు కూడా పై వాళ్ళ నాడి దిగుతుందని ఎవరూ చెప్పలేదామ్మా?" అని అడిగింది.

"విహారి గారికి నా సంగతి తెలుస్తుందని చెప్పారు."

"తెలుస్తుంది. నీ సంగతి పైకి వెళ్తుంది, అతని నాడి నీకు దిగుతుంది. నువ్వు కింద వాళ్ళకు చేస్తున్నదే అతను నీకు చేస్తున్నాడు."

"అయితే ఇది విహారి గారి ఉత్సాహమా?"

కౌముది గిన్నె పక్కన పెట్టి చేయి కడుక్కుంది. తిరిగి వచ్చి కూర్చుంది.

"విహారి కూడా నీలాగే. అతని పైన మనిషి లేడు. ఒక రికార్డింగు ఉంది. రోజూ ఒక మనిషి ఉత్సాహంగా ఉండడమంటే జరిగే పని కాదు కదా. అందుకని బాగున్న ఒక పూటను పట్టి పెట్టుకున్నారు. తొమ్మిది వందల మంది దాని మీదే నడుస్తున్నారు." ఆమె వకుళ కళ్ళలోకి చూసింది. "అది నాదే."

తర్వాత ఆ కథ చెప్పింది. ఆమె భర్త సదాశివం వీణ మాస్టారు. పక్షవాతం వచ్చి మాట పోయింది, చేతులు పోయాయి. నొప్పి ఎక్కడో, ఆకలి ఎప్పుడో చెప్పలేడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండేవి. ఆయన నరకం అనుభవిస్తున్నాడని ఆమె నమ్మింది. అది తెలుసుకోవడానికే పట్టీ తయారుచేసింది. చాలా నెలలు ఏమీ పని చేయలేదు. ఒక ఉదయం వాన పడి వెలిసింది. ఆయన మంచం కిటికీ దగ్గరుంది. ఆమె విసుగుతో పట్టీ బిగించుకుంది. అప్పుడు మొదటిసారి ఆయన నాడి ఆమె చేతికి తగిలింది. అందులో నొప్పి లేదు. ఆయన వాననీళ్ళు చూస్తున్నాడు, అంతే. సుఖంగా ఉన్నాడు.

"ఆయన బాధపడట్లేదని తెలిసిన క్షణంలో నాకెలా ఉందో అది మిషన్లో నమోదైపోయింది" అంది కౌముది. "సంస్థ వాళ్ళు ఎంతోమందిని కూర్చోబెట్టి ప్రయత్నించారు. ఎవరి దగ్గరా అంత నిలకడైన సంతోషం దొరకలేదు. నన్ను అడిగారు. ఆయన పోయాడు, ఆ ఉదయం ఎవరికైనా పనికొస్తే మంచిదే కదా అనుకున్నాను. ల్యాబు నడవాలి కూడా. ఒప్పుకున్నాను."

పట్టీ కట్టుకున్నప్పుడల్లా తన ముందు ఆరే వాకిలి ఎందుకు కనిపించేదో వకుళకు అర్థమైంది. అది ఆమె వాకిలి కాదు.

"డాక్టరు గారూ, నేను అలసిపోయానేమో చూడాలి."

"ఇక్కడ వద్దమ్మా. ఇంట్లో ఎవరైనా ఉండగా..."

"ఇక్కడే. ఇంటికెళ్తే మళ్ళీ పనిలో కూర్చుంటాను."

కౌముది ఫణీంద్రకు ఫోన్ చేయించి, అతను బయల్దేరాడని తెలిశాకే వకుళ మణికట్టు దగ్గర పట్టీ వదులు చేసింది. ఒక్కసారిగా తీయలేదు. కొద్దికొద్దిగా పై నాడిని తగ్గించింది. ముందు వకుళ మోకాళ్ళు బరువెక్కాయి. తర్వాత మెడ. తర్వాత, ఎక్కడో చాలా లోపల నుంచి, పెద్దాపురం వీధిలో తెల్లటి దుప్పటి కింద పడుకున్న పిన్ని మొహం పైకి వచ్చింది. వకుళ నోట్లోంచి వచ్చిన శబ్దం ఆమెకే కొత్తగా వినిపించింది. కౌముది ఆమె తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. చాలాసేపటికి ఏడుపు ఆగింది. ఆగిన చోటే వకుళ నిద్రపోయింది.

ఫణీంద్ర వచ్చేసరికి ఆమె ల్యాబు నేల మీద, చాప మీద పడి ఉంది. అతను పక్కన కూర్చున్నాడు. ఆమె మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "పిన్ని పోయింది" అని అతనితో కొత్తగా చెప్పింది. అతను "అవును" అని ఆమె జుట్టు వెనక్కి తోశాడు.

లేచాక ఆమె చేసిన మొదటి పని, కౌముది కంప్యూటర్ ముందు కూర్చుని, తన జట్టు ఆ మధ్య సంతకం పెట్టిన ఫోటోలు మళ్ళీ తెరవడం. తీరిగ్గా, ఆవులిస్తూ, కళ్ళు నులుముకుంటూ చూసింది. భిక్షపతి సంతకం పెట్టిన ఒక ఫోటోలో చుక్క తప్పిపోయింది. సింహాచలం చూసినవాటిలో మరొకటి. ఆ తర్వాత వచ్చిన ఫోటో అరకు వైపు ఒక క్లినిక్కు నుంచి వచ్చింది. నడిమి వయసు ఆవిడ కన్ను. అంచున సన్నటి ఎర్రటి గీత, చూడగానే తెలుస్తోంది. దాని కింద "అంతా బాగుంది" అన్న సంతకం వకుళదే.

ఆ రోజు తను ఎంత చురుగ్గా ఉన్నానో ఆమెకు గుర్తుంది. చురుగ్గా ఉన్నాననుకోవడం వేరు, కళ్ళు పని చేయడం వేరు. ఆమె అక్కడి నుంచే క్లినిక్కుకు ఫోన్ చేసి, ఆవిడను వెంటనే పెద్దాసుపత్రికి పంపమంది. ఎందుకు ఆలస్యమైందని అటు నర్సు అడిగితే, "పొరపాటు నాది" అంది.

కౌముది వెనక నిలబడి అంతా చూసింది.

"రికార్డింగు నా శరీరానిది. ఇవ్వనంటే తీసేయాలి. ఒప్పందంలో అలాగే రాయించాను" అంది.

"మీరు తీసేస్తే వాళ్ళు ఇంకెవరి ఉదయాన్నో పట్టుకుంటారు."

"పట్టుకోనీ. దొరకడానికి టైం పడుతుంది. ఈలోగా మీవాళ్ళంతా పడుకుంటారు. ఒకసారి పడుకున్నవాళ్ళు మళ్ళీ అంత తేలిగ్గా చెయ్యి చాపరు." ఆమె పక్క తెర మీద కదులుతున్న రికార్డింగు గీతను చూసింది. "నా దగ్గర కాపీ కూడా ఉండకూడదు. ఉంటే ఏదో ఒక రోజు అడుగుతారు. నేను ఇస్తాను కూడా. నా సంగతి నాకు తెలుసు."

"తుడిచేముందు ఒకసారి మీరు కట్టుకుని చూసుకోరా?" అంది వకుళ.

కౌముది తల అడ్డంగా ఊపింది. "ఇంతమంది వాడాక అందులో ఏం మిగిలిందో చూడాలంటే భయంగా ఉందమ్మా."

ఒక్కరోజులో ఆపేస్తే ఎంతమంది కల్వర్టులకు గుద్దుకుంటారో తెలియదు. అందుకని వారం పాటు రోజూ కొంచెం కొంచెంగా తగ్గించారు. వకుళ, కౌముది కలిసి లీడ్‌లందరికీ ఫోన్లు చేశారు. జట్లలో ఎవరినీ బండి నడపనివ్వద్దు, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలవద్దు, ఇంట్లో వాళ్ళకు చెప్పండి అని. కొందరు తిట్టారు. ఒకావిడ, తనకు చాలా రోజులుగా దుఃఖం రావలసి ఉందనీ, అది ఇప్పుడు వస్తే ఏం చేయాలనీ అడిగింది. వకుళ ఆవిడతో చాలాసేపు మాట్లాడింది.

చివరి రోజున కౌముది రికార్డింగును తుడిచేసింది. తుడిచేటప్పుడు గదిలో వకుళ తప్ప ఎవరూ లేరు. తెర మీద గీత మాయమయ్యాక ఆమె లేచి కిటికీ తలుపులు మూసి, "కాఫీ పెట్టుకుందామా" అంది. రెండు కప్పులు తీసింది, మళ్ళీ ఒకటి లోపల పెట్టేసింది. వకుళ ఉన్నదని గుర్తొచ్చి రెండోది మళ్ళీ తీసింది.

విహారి నుంచి నాలుగు రోజుల పాటు ఏ కబురూ లేదు. సంస్థ నుంచి తాఖీదు ఏదో వస్తుందని వకుళ ఎదురుచూసింది. అయిదో రోజు అతనే ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టలేకపోయింది.

"వకుళ గారూ, నేను నిద్రపోయానండీ. చాలా నిద్రపోయాను. లేచేసరికి మా అబ్బాయి నా మంచం పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నాడు. వాడికి కళ్ళజోడు వచ్చిందండీ. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. మీ మీద కోపం రావాలి. ఓపిక లేదు. మీరు మళ్ళీ చూసిన ఫోటోలు పంపండి. పైవాళ్ళకు చూపిస్తాను. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను."

పైవాళ్ళు పూర్తిగా ఒప్పుకోలేదు. పట్టీ మొదటి రకం వాడవచ్చునన్నారు, రెండోది ఆపేశారు. అది కూడా ప్రస్తుతానికే. ఫోటోలు సగానికి తగ్గాయి. కొన్ని క్లినిక్కులు వేరే సంస్థకు వెళ్ళిపోయాయి. జీతాల్లో కోత పడింది. అరకు ఆవిడ కన్ను దక్కిందని నర్సు కబురు పంపింది. అలా దక్కని కళ్ళు ఎన్నో ఎవరికీ తెలియదు.

వకుళ తన జట్టులో మొదటి రకం కూడా వద్దంది. ఎవరూ గట్టిగా మెచ్చుకోలేదు.

"పట్టీ ఉన్నప్పుడే బాగుండీది మేడమ్" అన్నాడు సింహాచలం నిర్మొహమాటంగా. "ఇప్పుడు పొద్దుటేల లెగడమే పెద్ద పనైపోతంది. మధ్యాన్నానికి నడుం పట్టేస్తంది. ఇదేటి సుఖం?"

"ఏమీ సుఖం లేదు. మీ పది ఫోటోలు ఇటు పంపండి, నేను చూస్తాను. మీరు పడుకోండి."

"మీకు మాత్రం నడుం నొప్పి ఉండదేటి?"

"ఉంది. నావి రేపు చూస్తాను. క్లినిక్కుకు ఫోన్ చేసి చెబుతాను, ఈవేళ కాదు, రేపని."

ఆమె ఇప్పుడు రోజూ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నారని అడిగి ఊరుకోదు, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఏం తిన్నారు, నిన్న ఎందుకు విసుక్కున్నారు అని అడుగుతుంది. జవాబులు కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. ఏది ఏదో చాలాసార్లు తెలియదు. అడగడం మాత్రం మానలేదు. ఆ పని ఆమెను పట్టీ కంటే ఎక్కువ అలసటకు గురిచేసింది. సాయంత్రానికి మాట పెగలక, ఫణీంద్ర పక్కన ఊరికే కూర్చునేది. అతను జవాబు పత్రాలు దిద్దుకునేవాడు.

వానలు మొదలయ్యాక భిక్షపతి పనిలోకి వచ్చాడు. ఆ రోజు అందరూ కెమెరాలు పెట్టుకున్నారు, అతన్ని చూడడానికి. తల మీద కుట్ల దగ్గర జుట్టు ఇంకా రాలేదు. పక్కన గోడకు చంకకర్ర ఆనించి ఉంది. వెనకాల స్వరూప బియ్యం చెరుగుతోంది.

"మంచిగనే ఉన్న మేడం" అన్నాడు. తర్వాత వెనక్కి చూసి, సర్దుకుని, "అంటే, గంత మంచిగ లేదు. కూసుంటే తుంటి గుంజుతది. కొంచెం కొంచెం చేస్త" అన్నాడు.

"కొంచెమే చేయండి."

మొదటి ఫోటో తెరిచారు. భిక్షపతి దాన్ని దగ్గరగా చూసి, దూరంగా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లోపే పెద్దగా ఆవులించాడు. దవడ పట్టేసినట్టుగా, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేట్టుగా.

"మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు సిగ్గుపడుతూ.

అతని మాట పూర్తి కాకముందే కర్నూలులో రెహానా ఆవులించింది. ఆవిడను చూసి పలాసలో సింహాచలం నోరు తెరిచాడు. మిగిలిన ముగ్గురూ ఒకరి వెనక ఒకరు. స్వరూప కూడా చేట పక్కన పెట్టి చేతి వెనక నోరు దాచుకుంది. వకుళ ఆపుకుందామని పెదవులు బిగించింది. ఆగలేదు. కాకినాడలో, ఆ ఇరుకు గదిలో, చెవుల్లో గుయ్యిమనేలా ఆవులించింది.

"అందరికీ అంటించినావు గదన్నా" అంది రెహానా. ఒకరు నవ్వారు, అందరూ నవ్వారు.

నవ్వు తగ్గాక వకుళ కళ్ళు తుడుచుకుని, ఆ ఫోటోను ఇంకాస్త పెద్దది చేసింది.

"భిక్షపతి గారూ, తొందరేం లేదు. మెల్లగా చూడండి."